ఎరతోన్ రెండో పుట్టుక

గమేలియోన్ నెల, ఇరవై ఆరో రోజు
అఫిద్నా

ఏథెన్సులో, మెలితె పేటలో, నాటకాల ఎరతోన్ అద్దెకుండే ఇంటి యజమానికి ఫిలాగ్రోస్ రాస్తున్నది. సంతోషంగా ఉండండి. ఉత్తరం ఇలాగే మొదలుపెట్టాలని చిన్నప్పుడు బళ్ళో నేర్పారు కాబట్టి రాశాను. విషయం మాత్రం సంతోషంది కాదు.

ఎరతోన్ మా ఆవిడ ఆర్కిప్పెకి తమ్ముడు, అంటే నాకు బావమరిది. యుబోయా దీవికి నాటకమాడటానికి వెళ్ళి, తిరిగొస్తూ సముద్రంలో పోయాడు. మీకు తెలిసే ఉంటుంది, ఎందుకంటే ఆ కబురు మీ ఇంటి నుంచే జమ్ము కాగితం మీద వచ్చింది. దారిలో గాడిదలవాడు దోనాక్స్ సంచిలో నూనె ఒలికి కాగితం ఒకవైపు రాతంతా అలికేసినట్టయింది. రెండోవైపు బాగానే ఉంది. నాకు చదువొచ్చు గాని ఈమధ్య దగ్గరివి కంటికి ఆనడం లేదు. ఎదురుకొండ మీద మేక ఎవరిదో చెప్పమంటే చెప్తాను. అందుకని బడిపంతులు కోమియాస్‌తో చదివించాం. ఓడ రాళ్ళకి కొట్టుకోవడం, తెరచాప కొయ్య విరగడం, మనిషి అలల్లోంచి చెయ్యెత్తి ఆఖరిసారి "అక్కా" అని పిలవడం, అన్నీ వివరంగా ఉన్నాయి. చదువుతూ పంతులే ఏడ్చేశాడు. మాటలు పద్యంలా నడుస్తున్నాయేమిటని నాకు కాస్త అనుమానమొచ్చింది. పట్నంవాళ్ళు అలాగే రాస్తార్లే అన్నారు. ఊరుకున్నాను.

శవం దొరకలేదు కాబట్టి వాడి పాత దుప్పటి పూడ్చి సమాధి కట్టాం. మూడోరోజుది, తొమ్మిదోరోజుది, అన్నీ లోటు లేకుండా జరిపించాం. మా ఆవిడ జుట్టు కత్తిరించేసుకుంది. వాడి ముఖం తొడుగులు, ఆడవేషాల బట్టలు మీ దగ్గరుంటే దోనాక్స్‌కి ఇచ్చి పంపండి. ఆ ముఖాలు మాకెందుకూ అంటే చెప్పలేను. ఇంటామె అడుగుతోంది.

ఆరోగ్యంగా ఉండండి.
ఫిలాగ్రోస్


అంతెస్తేరియోన్ నెల, ఆరో రోజు
ఏథెన్సు

బావా,

నేను బతికే ఉన్నాను.

ఇంతకన్నా ముందు రాయాల్సింది ఏమీ లేదు కాబట్టి సంతోషంగా ఉండమని తర్వాత రాస్తున్నాను. సంతోషంగా ఉండు. నీ ఉత్తరం మా ఇంటాయన చదివి, మేడెక్కొచ్చి, నేను ఉల్లిపాయలు తింటూ కనిపించేసరికి మెట్ల మీదే కూలబడ్డాడు.

బావా, నూనె ఒలికిన వైపు నా ఉత్తరం. మందపాటి దుప్పటి ఒకటి, కాస్త జున్ను పంపమని అడిగాను. రెండోవైపున్నది నా వేషం మాటలు! కాగితం దొరక్క, కంఠతా పట్టేసిన పాఠం వెనకాల మీకు రాశాను. ఈ ఏడు మా కవిగారి నాటకంలో ఒక రాజు యుద్ధం నుంచి ఓడలో తిరిగొస్తూ యుబోయా రాళ్ళ దగ్గర మునిగిపోతాడు. ఇంటి దగ్గర అక్క ఎదురుచూస్తుంటుంది. కబురు తెచ్చేవాణ్ణి నేను. మా ఆటలో ఎవరూ జనం కళ్ళెదుట చావరు, నీకు తెలుసుగా. లోపల చస్తారు, లేకపోతే దూరాన చస్తారు. నేను రొప్పుకుంటూ పరిగెత్తుకొచ్చి చెబుతాను. ఇరవై ఏళ్ళుగా దేశంలో రాజుల చావులన్నీ నేనే మోశాను. నా చావు కూడా నేనే మోసుకొస్తానని అనుకోలేదు.

పద్యమని తెలిసి కూడా నమ్మారా? కోమియాస్ ఏం పంతులు?

అక్కకి చెప్పు. సమాధి తవ్వేసి దుప్పటి బయటికి తియ్యండి. ఎలాగూ దుప్పటే అడిగాను.

నీ బావమరిది
ఎరతోన్


అంతెస్తేరియోన్ నెల, పద్నాలుగో రోజు
అఫిద్నా

ఎరతోన్‌కి, లేదా ఎరతోన్‌నని చెప్పుకుంటున్నవాడికి, ఫిలాగ్రోస్ రాస్తున్నది.

సంతోషంగా ఉండమని అనొచ్చో లేదో తేల్చుకోలేక ఆ మాట వదిలేశాను.

నీ ఉత్తరం నిన్న చేరింది. నిన్న ఏ రోజో నీకు గుర్తుందా? కొత్త ద్రాక్షసారా పండగ మూడోరోజు. చచ్చినవాళ్ళంతా ఊరి మీద తిరిగే రోజు. వాళ్ళు లోపలికి రాకుండా తలుపులకి నల్ల తారు పూసుకుని, నోట్లో ముళ్ళచెట్టు ఆకు నములుతూ కూర్చున్నాం. వాళ్ళకోసం గింజలన్నీ కలిపి కుండ కూడా పొయ్యి మీద పెట్టాం. అప్పుడొచ్చి దోనాక్స్ తలుపు కొట్టి, తారుకి చెయ్యి అతుక్కుని, "ఎరతోన్ దగ్గర్నుంచి కబురూ!" అని అరిచాడు. మీ అక్క కుండ వదిలేసి లేచి, "కడుపునిండా తిన్నారుగా, ఇక బయల్దేరండి!" అని ప్రేతాల్ని సాగనంపే మాట తలుపుకేసి కేకలేసింది. దోనాక్స్ మాత్రం ఏం బయల్దేరతాడు, చెయ్యి రావడం లేదాయె.

పంతులు ఉత్తరం పైకి చదివాడు. తనని తిట్టిన వాక్యం దగ్గర గొంతు తగ్గించాడు. నేను పట్టుబట్టి మళ్ళీ చదివించాను.

ఇప్పుడు మా ఇబ్బంది చెప్తాను. ఊళ్ళో సగంమంది నువ్వు బతికున్నావంటున్నారు. సగంమంది ఇది ప్రేతం రాసిందంటున్నారు. నేను రెండిట్లోనూ ఉన్నాను. ఎవడో ఎరతోన్ గొంతుతో రాయడం పెద్ద పనేం కాదు. అసలు ఎరతోన్ బతుకే ఇంకొకళ్ళ గొంతుతో మాట్లాడటం. మోకాలి మీద మచ్చ ఉందని రాస్తావనుకో, ఇక్కడ మోకాలా మోచెయ్యా అని అప్పుడే గొడవవుతోంది. నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలియనిదొకటి రాయి. అప్పుడు చూద్దాం.

జున్ను పంపుతున్నాను. ప్రేతమైతే వాసన చూసి పెట్టెయ్యి.

ఫిలాగ్రోస్


అంతెస్తేరియోన్ నెల, పదిహేడో రోజు
ఏథెన్సు

బావా,

మన ఊరి పండగలో కోమియాస్ తయారుచేసిన మేళంలో నువ్వు ఆరేళ్ళు నిలబడ్డావు. ఆరేళ్ళూ నోరు ఆడించావు తప్ప ఒక్క ముక్క పాడలేదు. పక్కన నిలబడ్డవాణ్ణి కాబట్టి నాకు తెలుసు. ఎవరికీ చెప్పనని మాటిచ్చాను, ఇన్నాళ్ళూ చెప్పలేదు. చాలా?

జున్ను తిన్నాను. ఉప్పెక్కువైంది.

ఇప్పుడు నవ్వే సంగతి కాదు, విను. మీ దోనాక్స్ ఇక్కడ సంతలో నా సమాధి గురించి వర్ణించి వర్ణించి చెప్పాడు. వచ్చే నెల నాటకాల పండగలో మాతో పోటీపడే ఇంకో నాటకానికి ఖర్చు పెడుతున్న పెద్దమనిషి చెవిన పడింది. ఆయన తిన్నగా పండగ అధికారి దగ్గరికెళ్ళి, "కర్మకాండ జరిగినవాడు దేవుడి ఆవరణలో అడుగుపెడితే మైల" అన్నాడు. అధికారి నన్ను పిలిచి, "నువ్వు పోయావా?" అని అడిగాడు. లేదన్నాను. "చేయాల్సినవన్నీ చేశారా?" అన్నాడు. చేశారన్నాను. "అయితే పోయినట్టే" అని నా పేరు కొట్టేశాడు.

మాది ముగ్గురి ఆట బావా. రాజు నుంచి దాసి దాకా ముగ్గురమే ముఖాలు మార్చుకుని ఆడాలి. ఒకడు తగ్గితే నాటకమే లేదు. ఈ ఏడు నేను తప్పిపోతే చచ్చినవాడన్న పేరు అంటుకుపోతుంది. ఆ తర్వాత ఏ కవీ నాకు వేషమివ్వడు. నాకు వేరే పని రాదు.

ధర్మం చెప్పే పెద్దలు ముగ్గురున్నారు. ముగ్గుర్నీ అడిగాను. నల్ల మేకని బలివ్వాలని ఒకాయన, తెల్లదని ఇంకొకాయన, అసలు మేకే వద్దని మూడో ఆయన. ఒక్క విషయంలో మాత్రం ముగ్గురూ కలిశారు. నేను మళ్ళీ పుట్టాలి. ఇంటి ఆడమనిషి నన్ను పురిటిబిడ్డలా కడిగి, పొత్తిగుడ్డల్లో చుట్టి, పాలు పట్టాలి. ఇంటి మగవాడు నన్నెత్తుకుని పొయ్యి చుట్టూ పరిగెత్తాలి. పదోరోజున పేరు పెట్టాలి. అప్పుడు బతికున్నవాళ్ళ లెక్కలోకొస్తాను. వచ్చే నెల ఎనిమిదో రోజుకి నాటకాలవాళ్ళందరం జనం ముందుకి రావాలి. ఆ లోపల కావాలి.

అమ్మ లేదు కదా. అక్కే చెయ్యాలి. అడుగు బావా.

ఎరతోన్


అంతెస్తేరియోన్ నెల, ఇరయ్యో రోజు
అఫిద్నా

ఒరే ఎరతోన్,

బతికే ఉన్నావు. సందేహం లేదు. నీ ఋజువు పంతులే పైకి చదివాడు, వాకిట్లో పాతికమంది వింటుండగా. "ఆరేళ్ళు!" అని ఉత్తరం కింద పెట్టేశాడు. మిగతాది పక్కింటాయనతో చదివించాల్సి వచ్చింది. పంతులు నాతో మాట్లాడటం లేదు. నీ ప్రాణం కోసం నా పరువు పోయింది, పోనీలే.

నిన్నెత్తుకుని పరిగెత్తడానికి నాకభ్యంతరం లేదు. ఎంత బరువున్నావో రాయి. అసలు చిక్కు మీ అక్క.

చెయ్యనంది.

నువ్వు బతికున్నావని తెలిసినప్పుడు ఏడ్చింది. సంతోషమనుకున్నాను. తీరా చూస్తే కాదు. ఎనిమిదేళ్ళ క్రితం మీ అమ్మ పోయినప్పుడు నువ్వు రాలేదు. కబురు ఆలస్యంగా అందిందన్నావు. ఆ రోజు నుంచి మీ అక్క నీ పేరెత్తలేదు, నాకు తెలుసు. మొన్న ఆ కాగితంలో, ప్రాణం పోతూ నువ్వు "అక్కా" అన్నావని విన్నది. ఆ ఒక్కమాటతో అన్నీ వదిలేసింది. రోజూ పొద్దున్నే సమాధి దగ్గరికెళ్ళి కూర్చునేది. అంతసేపు ఏం మాట్లాడతావే అంటే, "వాడు మొదటిసారి నా మాట వింటున్నాడు" అనేది.

ఇప్పుడేమో ఆ మాట నీది కాదని తెలిసింది. ఎవరో రాజుది. ఆ రాజుది కూడా కాదు, మీ కవిగారిది.

"మాటలు రాసిచ్చినాయన్నే అక్కని కూడా ఇవ్వమను" అంది. ఇవాళ పొద్దున కూడా సమాధి దగ్గరికెళ్ళింది. వాడు బతికున్నాడు కదే అంటే, "బతికున్నవాడితో నాకేం పని?" అంది.

నాకైతే ఏమీ బోధపడటం లేదు. పోయావనుకున్నప్పుడు ఇంట్లో నీకు చోటుంది. బతికున్నావని తెలిశాక లేదు. ఏదైనా రాయి తనకి. మనసులోంచి రాయి.

ఫిలాగ్రోస్


అంతెస్తేరియోన్ నెల, ఇరవై రెండో రోజు
ఏథెన్సు

బావా, ఇది అక్కకి చదివి వినిపించు. పంతులైతే బాగా చదువుతాడు, బతిమాలుకో.

అక్కా! సూర్యుడి వెలుగు చూడనివ్వని మంచు నా కళ్ళ మీద కమ్మింది. తల్లి కోసం కార్చాల్సిన కన్నీరు తొడుగు ముఖం వెనక ఎండిపోయింది. నీ జుట్టు కత్తిరించిన కత్తి నా గుండెలో దిగింది. కడలి నన్ను మింగలేదు గాని నా తప్పు మింగింది. ఏ దేవతని వేడుకోను? ఏ నీళ్ళతో కడుక్కోను? నీ చేతులతో తప్ప నాకు వెలుగులోకి దారి లేదు. కరుణించు.

ఎరతోన్

బావా, నా బరువు సంగతి, మామూలుగానే ఉన్నాను. కాస్త పెరిగానేమో.


అంతెస్తేరియోన్ నెల, ఇరవై నాలుగో రోజు
అఫిద్నా

ఎరతోన్‌కి,

పంతులు చదివాడు. చక్కగా చదివాడు. మళ్ళీ ఏడ్చాడు. ఈ మనిషి నీ ఉత్తరాలు చదివి చదివి ఎండిపోయేలా ఉన్నాడు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళూ ఏడ్చారు.

మీ అక్క అంతా విని, "ఇది ఎవరు రాసింది?" అని అడిగింది.

వాడే రాశాడే అన్నాను. "కడలి నన్ను మింగలేదు గాని నా తప్పు మింగింది, ఇది వాడిదేనా?" అంది. నీదేనా? నీకైనా తెలుసా?

నేనిక ఆశ వదిలేసుకున్నాను. నిన్న సాయంత్రం బార్లీ రొట్టె ముందు పెట్టి తనే అంది: "పురిటిబిడ్డ మాట్లాడతాడా?"

మాట్లాడడన్నాను. పది మంది పిల్లల్ని పెంచినట్టు చెప్పాను.

"అయితే రమ్మను. కడుగుతాను, చుడతాను, పాలు పడతాను. ఏదీ తక్కువ చెయ్యను. పదోరోజు పేరు పెట్టేదాకా వాడి నోట్లోంచి ఒక్క ముక్క రాకూడదు. వచ్చిందా, మధ్యలోనే లేచిపోతాను. అలాగే చచ్చి ఉండమను."

ఇది కోపమో, ప్రేమో, శాస్త్రమో నాకు తెలీదు. నువ్వొచ్చెయ్యి. తలుపు బయటే నిలబడు, లోపలికి రాకు, ఇంకా పుట్టలేదు. ఎవరు పలకరించినా పలక్కు. నీకిది కష్టమని తెలుసు. నేను ఆరేళ్ళు చేశాను, నువ్వు పదిరోజులు చెయ్యలేవా?

ఫిలాగ్రోస్


ఎలాఫెబోలియోన్ నెల, పదహారో రోజు
ఏథెన్సు

బావకి ఎరతోన్ రాస్తున్నది. సంతోషంగా ఉండు. ఈసారి నిజంగానే.

నడుం నొప్పి తగ్గిందా? అయిదోరోజున నన్నెత్తుకుని పొయ్యి చుట్టూ పరిగెత్తినప్పుడు రెండో చుట్టులో నీ వెన్నులో ఏదో టక్కుమంది. విన్నాను గాని చెప్పకూడదు కదా. మూడో చుట్టులో పడేశావు. ఊళ్ళోవాళ్ళు అది అపశకునమా శుభమా అని వాదించుకుంటుంటే గుడ్డల్లో చుట్టేసి ఉన్నాను, ముక్కు దురద, గోక్కోలేను.

అధికారి నా పేరు మళ్ళీ రాశాడు. "ఎన్ని రోజులవాడివి?" అని అడిగి, రాసేవాడితో కలిసి చాలాసేపు నవ్వాడు.

నాటకం ఆడాం. మూడింటిలో మూడో స్థానంలో వచ్చాం. తీర్పు చెప్పే పదిమందీ తలో పలక మీద రాసిస్తే, అయిదు పలకలే తీసి చూస్తారు. మిగతా అయిదింట్లో మేమే ఉన్నామని కవిగారి నమ్మకం. ఉండనీ.

నీకొక విషయం రాయాలి. పేరు పెట్టేముందు నువ్వు బయటికెళ్ళినప్పుడు జరిగింది. ఆ పదిరోజులూ అక్క పక్కన కూర్చుని చెబుతూనే ఉంది బావా. అమ్మ మంచం పట్టిన దగ్గర్నుంచి. ఏం తిన్నది, ఏం తినలేదు, నన్నెన్నిసార్లు అడిగింది, ఎవరి గొంతు విన్నా నేనేననుకుని ఎలా లేచి కూర్చునేది. ఎన్నోచోట్ల నాకు మంచి మాట తట్టింది. ఏమీ అనలేకపోయాను. అనడానికి వీల్లేకపోతే వినడం తప్ప ఇంకేం చేస్తాం? అలా వినడం నాకు కొత్త.

పదోరోజు పొద్దున, నువ్వు బయట బలి మేకతో పెనుగులాడుతుంటే, అక్క కట్లు విప్పుతూ ఒక్కటే అడిగింది. "అమ్మ పోయినప్పుడు కబురు నీకెప్పుడందింది?"

"పూడ్చే ముందురోజే అందింది. వెళ్తే వేషం పోతుందని రాలేదు" అన్నాను.

ఎనిమిదేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు. అక్క చెంప మీద ఒకటిచ్చింది. తర్వాత, "పాలు వద్దులే, రొట్టె తిను" అంది. నువ్వు లోపలికొచ్చి, బిడ్డ ఏడుస్తున్నాడేమిటని నవ్వావు.

మా నాటకం చివర ఏమవుతుందో చెప్పమని అక్క అడిగింది. అప్పుడు చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను, చదివించు. నేను వెళ్ళి రాజు మునిగిపోయాడని చెబుతాను. వాళ్ళ అక్క అంతా వింటుంది. ఏడవదు, అరవదు. ఒక్క మాట మాట్లాడకుండా తిరిగి లోపలికెళ్ళిపోతుంది. తలుపు మూసుకుంటుంది. అంతే, ఇక ఆమె బతికి బయటికి రాదని చూసేవాళ్ళందరికీ అర్థమైపోతుంది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళుగా మేళంవాళ్ళు పదిహేనుమంది పాట పాడతారు. పాట అయ్యేసరికి లోపల్నుంచి కేక వినిపిస్తుంది. నా ఆటలో అన్నిటికన్నా గొప్ప ఘట్టం అదే. జనం ఊపిరి బిగబట్టారు.

బిడ్డ
ఎరతోన్


ఎలాఫెబోలియోన్ నెల, ఇరయ్యో రోజు
అఫిద్నా

ఎరతోన్‌కి, సంతోషంగా ఉండు.

నడుం ఇంకా వంగే ఉంది. పంతులు మాట్లాడుతున్నాడు. వచ్చే ఏడు మేళంలో నన్ను చివరి వరుసలో పెడతాడట, దగ్గరికొచ్చి చెవి పెట్టి వింటాడట.

నీ ఉత్తరం చదివించాను. అమ్మ సంగతి రాసిన చోట మీ అక్క పంతుల్ని ఆపి, "అది మా ఇంటి విషయం, కిందికి వెళ్ళు" అంది. కిందికి వెళ్ళాడు. సమాధి సంగతి అడిగాను. ఉండనీ అంది. దుప్పటి మాత్రం తీయించి ఉతికింది. దోనాక్స్ తెస్తున్నాడు. మట్టి వాసన పోలేదు.

ఇంతకీ ఈ ఉత్తరం రాయడానికి కారణం వేరే ఉంది. మీ నాటకం చివరిది విన్న దగ్గర్నుంచి మీ అక్కకి మనసు మనసులో లేదు. మూడురోజులైంది. మగ్గం ముందు కూర్చుంటుంది, ఆపేస్తుంది, నన్నడుగుతుంది. నాకు చెప్పడం చేతకావడం లేదు. నాటకమే, నిజం మనుషులు కాదే అంటే, "తెలుసు, నేనేం పిచ్చిదాన్ని కాదు" అంటుంది. అని మళ్ళీ అడుగుతుంది.

తనడిగేది ఇది: ఆ పదిహేనుమందీ పొరుగు ఆడవాళ్ళే కదా, వాకిట్లోనే నిలబడి ఉన్నారు కదా. తమ్ముడు పోయాడని విని ఒక ఆడది నోరు మెదపకుండా తలుపేసుకుంటే, పాట పాడుతూ నిలబడతారా? మన ఇంటికి ఆ కాగితం వచ్చిన రోజు పక్కింటావిడ పిండి చేతులతోనే పరిగెత్తుకొచ్చింది. మీ అక్క చేతిలోంచి కత్తి లాక్కుని, జుట్టు తనే కత్తిరించింది. ఇంకో ఇద్దరు గడప దగ్గరే పడుకున్నారు, మూడు రోజులు కదల్లేదు. అదెందుకో నాకిప్పుడు అర్థమవుతోంది.

అలా కుదరదట, మేళం లోపలికెళ్ళదట, అది మీ ఆట పద్ధతట అని పంతులు చెప్పి చూశాడు. మీ అక్క వినలేదు. కవిగారిని అడగమంటోంది. పదిహేనుమందీ అక్కర్లేదు, పాట ఆపక్కర్లేదు. చివర నిలబడినావిణ్ణి ఒక్కర్తినైనా లోపలికి పంపమని చెప్పాలట.

ఫిలాగ్రోస్